నమిలిపెట్టిన రొట్టె

పొద్దున ఏడున్నరకు పాల్ ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ నీ కాడికి వచ్చిందా?"

నేను హైదరాబాదులో హాస్టల్ గదికి తాళం వేస్తున్నాను. "నా కాడికెందుకు వస్తదిరా? నిన్ను ఇడిసిపెట్టి కాలు బయట పెడ్తదా?"

"లేచి చూస్తే లేదు. చేతిసంచి లేదు. ఫోనేమో ఇంట్లనే ఉంది."

పాల్ నా తమ్ముడు. ఇరవై ఐదేళ్లు. మూడు రోజుల కిందటే వాడికి రెండోసారి కీమో ఎక్కించి కోడేరులో మా ఇంటికి తీసుకుపోయారు. ఉడుకుతున్న అన్నం వాసన తగిలినా కక్కుకుంటున్నాడు. అట్లాంటి కొడుకును వదిలి మా అమ్మ పుష్పమ్మ ఎక్కడికో వెళ్లిందంటే నమ్మబుద్ధి కాలేదు. నాన్నకు ఇవ్వమన్నాను.

మా నాన్న శాంతయ్య మాటలు తక్కువ మనిషి. "వనపర్తి బస్సెక్కిందంట. చూసినోళ్లు జెప్పిన్రు" అన్నాడు. మళ్లీ అన్నాడు. "దవాఖానల నువ్వా మాట చెప్పినకాడికెల్లి ఆమె మనుసు మనుసుల లేదు బిడ్డా. ఇంట్లకెల్లి వాకిట్లకు, వాకిట్లకెల్లి ఇంట్లకు. ఒక్కకాడ కూసోదు."

ఏ మాటో నాకు తెలుసు.

మూడు నెలల కిందట పాల్ మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది. నాగర్‌కర్నూల్‌లో చూపించి, అక్కడివాళ్లు పంపితే హైదరాబాదు తెచ్చాం. గడ్డలో ముక్క తీసి పరీక్షించి హాడ్జ్‌కిన్ లింఫోమా అన్నారు. తెల్లకణాలకు వచ్చే క్యాన్సర్ అది, నయమయ్యే రకాల్లో ఒకటి. రిపోర్టు చివర ఇంకో వాక్యం ఉంది. గడ్డ కణాల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ కనిపించిందని.

అది చదివాక నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. నాలుగేళ్లుగా నేను ల్యాబ్‌లో పెంచుతున్నది ఆ వైరస్‌నే.

హెర్పిస్ జాతికి చెందిన వైరస్ అది. ఒకసారి ఒంట్లోకి వచ్చిందంటే ఇక పోదు. తెల్లకణాల్లో దాక్కుని నిద్రపోతుంది. మన దగ్గర బడికి పోయే వయసు వచ్చేసరికే చాలామంది పిల్లలకు అంటుతుంది. దాదాపు అందరికీ జన్మంతా దానివల్ల ఏ కష్టమూ రాదు. ఎవరో కొందరిలో మాత్రం క్యాన్సర్‌కు తోడవుతుంది. ఒక్కో మనిషిలోని వైరస్‌కు చిన్న చిన్న తేడాలుంటాయి. మేము మనుషుల తెల్లకణాలను ప్లాస్టిక్ సీసాల్లో వేసి, ఒంటి వేడి ఉండే పెట్టెలో పెట్టి, ఒక్కో సీసాలోకి ఒక్కో రకాన్ని వదులుతాం. కొన్ని రకాలు సోకితే కణాలు చావడం మానేసి, గుంపులు కట్టి, చప్పుడు లేకుండా పెరుగుతూనే పోతాయి. కొన్ని రకాలు సోకితే కణాలు పగిలి కొత్త వైరస్‌ను చిమ్ముతాయి. ఎందుకట్లా? నా పీహెచ్‌డీ అంతా ఆ ఒక్క ప్రశ్న మీదే.

మా ల్యాబ్ ఆ ఆసుపత్రి రోగుల నుంచి, వాళ్లు ఒప్పుకుంటే, రక్తం తీసుకుంటుంది. మొదటి కీమోకు ముందు పాల్ కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. పెడుతూ, "ఇది నాకెట్ల అంటిందక్కా?" అని అడిగాడు. నేను క్లాసులో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. "ఉమ్మి నుంచి వస్తదిరా. తల్లులు నమిలి పెడ్తరు గదా, గట్ల."

అమ్మ పక్కనే నిలబడి గ్లాసులో నీళ్లు పోస్తోంది. గ్లాసు నిండి నేల మీదికి కారుతున్నా పోస్తూనే ఉంది.

ఆ రోజే నాకు తట్టాల్సింది. పాల్ పుట్టిన ఏడాదే మావాళ్లు పూనా దగ్గర కాలువ పనికి వలస పోయారు. వనపర్తి, గద్వాల దిక్కు నుంచి వచ్చిన జంటలన్నీ ఒకే గుంపు. మట్టిపెళ్ల విరిగిపడి అమ్మ కాలు విరిగింది. పార పట్టలేని మనిషిని మేస్త్రి గుడిసెల దగ్గర పిల్లలను చూసుకోమన్నాడు. తల్లులు పొద్దున పోతే మధ్యాహ్నానికి గానీ రారు. ఏడ్చే పిల్లలకు పెట్టడానికి ఎండిన జొన్నరొట్టెలు తప్ప ఏమీ ఉండేవి కావు. అమ్మ వాటిని మెత్తగా నమిలి ఒక్కొక్కరి నోట్లో పెట్టేది. మా పాల్‌కు, గుంపులోని పిల్లలు ఎస్తేరుకు, బాలకృష్ణకు, ఈరన్నకు. అంతకు ముందు నాకూ అట్లాగే పెట్టింది. "మా రజితను గలుపుకుంటె ఐదుగురిని సాదిన" అని మొన్నమొన్నటిదాకా చుట్టాల ముందు గొప్పగా చెప్పుకునేది.

నా గైడు సుదర్శన్ సార్‌కు రావడం లేదని మెసేజ్ పెట్టి, వనపర్తికి దారి మళ్లే కొత్తకోట వైపు పోయే బస్సెక్కాను.

బస్సు షాద్‌నగర్ దాటాక ఎస్తేరు ఫోన్‌లో దొరికింది. ఆమె వనపర్తిలో బట్టలు కుడుతుంది.

"వచ్చింది అక్కా. ఎనిమిదిన్నరకే వచ్చింది. రాంగనే మిషన్ కాడ్నుంచి నన్ను లేపి మెడ ఒత్తింది, సంకలు ఒత్తింది. జ్వరమొస్తుందా, సన్నగైనవా అని అడిగింది. నా బిడ్డకు నేను నమిలి పెట్టిన్నా అని అడిగింది. లేదు పెద్దమ్మా, మిక్సీల ఏసిన అన్న. అప్పుడు జర ఊపిరి పీల్చుకుంది. చాయ పెట్టేలోపట కొత్తకోటకు పోత అని లేచిపోయింది. ఏమైంది ఆమెకు?"

మళ్లీ చేస్తానని పెట్టేశాను. కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. జడ్చర్ల నుంచి డ్రైవర్ వెనక కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చాను.

కొత్తకోటలో హైవే పక్కన లారీల షెడ్డులో బాలకృష్ణ దొరికాడు. చేతులకు గ్రీజు. నన్ను చూడగానే గుర్తుపట్టి స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు.

"పెద్దమ్మ గంట కింద్నే పోయింది అక్కా. లారీ కిందున్నోన్ని బయటికి గుంజి, అందరి ముందల నా మెడ పిసికింది. వీళ్లంత నవ్విన్రు. నేను మంచిగనే ఉన్న పెద్దమ్మా అంటే ఇనది."

"ఇప్పుడు యాడికి పోయింది?"

బాలకృష్ణ చేతులు తుడుచుకుంటూ తల వంచుకున్నాడు. "నాదే తప్పు. ఈరన్న సంగతి అడిగింది. వాడు సచ్చిపోయి శానేండ్లాయె గద పెద్దమ్మా, నీకు తెల్వదా అన్న. ఎట్ల సచ్చిండురా అని నా అంగి పట్టుకుంది. నాకు తెల్వదు అక్కా, మా అమ్మ బతికున్నప్పుడు చెప్తే ఇన్న, గంతే. అంగి ఇడిసిపెట్టి రోడ్డు మీదికి ఉరికింది. గద్వాల బస్సు కదులుతుంటే ఎక్కింది."

ఈరన్నవాళ్లది రాజోలి, తుంగభద్ర ఒడ్డున.

తర్వాతి బస్సు అరగంటకు వచ్చింది. కృష్ణ మీది వంతెన దాటుతుంటే పాల్ మళ్లీ ఫోన్ చేశాడు. "దొరికిందా?" అన్నాడు. గొంతు నీరసంగా ఉంది. "నీ మీద కోపమొస్తుందక్కా" అన్నాడు. "గా మాట అమ్మ ముందల ఎందుకన్నవ్? నేనడిగింది నాకు తెల్వనీకె. ఆమెకు కాదు." నాలుగేళ్లు ఆ వైరస్ గురించి మాట్లాడీ మాట్లాడీ, అది పక్కన నిలబడి వినే మనిషికి తగిలే మాటని మర్చిపోయాను.

గద్వాలలో దిగి ఇంకో బస్సు పట్టుకుని, అయిజ మీదుగా రాజోలి చేరేసరికి నాలుగు దాటింది. ఈరన్న ఇల్లు అడుగుతూ పోయాను. తలుపుకు తాళం. బయట బండ మీద అమ్మ కూర్చుని ఉంది. కూర్చోవడం కూడా కాదు, లేవబోతున్నట్టు ముందుకు వంగి, సంచిని రెండు చేతులతో ఒళ్లో నొక్కి పట్టుకుంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఈరన్న తల్లి మిరపచేన్లకు పోయిందంట. వస్తది" అంది.

"ఇంటికి పోదాం పా అమ్మా. పాల్ నీ కోసం సూస్తున్నడు."

"ఆమె నోట్లకెల్లి ఇనేదాంక నేను కదల."

"ఏం వింటవ్?"

"ఈరన్నకు యాడ గడ్డ లేచిందో ఇంట."

నేను ఆమె పక్కన కూర్చుని చెప్పాను. ఆ వైరస్ లేని మనిషి ఈ ఊళ్లో పది మంది కూడా ఉండరు, బస్సులో వచ్చినవాళ్లందరిలో ఉంది, నీలో ఉంది, నాలో ఉంది. ఎన్నిరకాలుగా చెప్పాలో అన్నిరకాలుగా చెప్పాను. అమ్మ వింటూనే లేచి సందు చివరిదాకా పోయి వచ్చింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది.

"నీ చదువు సంగతి చెప్పినప్పుడు నువ్వే అన్నవ్ గదా, మనిషికో రకముంటదని. నా నోట్లది చెడ్డ రకమైతే?"

అదే ప్రశ్న మీద నాలుగేళ్లు పనిచేసి కూడా, కాదు అని చెప్పేంత నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా ఉరుకుందమ్మ వచ్చింది. ఈరన్న తల్లి. మనిషి బాగా ఎండిపోయింది. "పుష్పక్కా!" అని గుర్తుపట్టి నెత్తి మీది మూట కింద పడేసి కావలించుకుంది. అమ్మ ఆ కౌగిట్లో నిలబడే, ఓపిక పట్టలేక, ముందూ వెనకా లేకుండా అడిగేసింది. "పిల్లగాడు ఎట్ల పోయిండు ఉరుకుందా?"

ఉరుకుందమ్మ చేతులు జారిపోయాయి. "ఏట్ల వడి పోయిండక్కా. తొమ్మిది చదువుతుండె. ఎండకాలం సెలవులు. నలుగురు పోయిన్రు ఈతకు, ముగ్గురొచ్చిన్రు."

"ఏట్లనా?"

"ఏట్లనే."

"రోగం గిట్ల ఏం లేకుండెనా? మెడకాడ గిట్ల?"

"రోగమేంది? గుర్రమోలె ఉండె."

అమ్మ ఒక్కసారి ఊపిరి వదిలింది. పక్కనే ఉన్న నాకు ఆ శబ్దం వినిపించింది. ఉరుకుందమ్మ వినలేదు, కొంగులో ముఖం పెట్టుకుని ఏడుస్తోంది. అమ్మ ఆమె తలను భుజానికి ఆనించుకుని చాలాసేపు వీపు నిమిరింది. ఆమె పెట్టిన అన్నం రెండు ముద్దలు తిని, ఆఖరు బస్సు పోతుందని బయలుదేరాం.

బస్సు అయిజ దాటింది. అమ్మ నా వైపు తిరగకుండానే అంది. "నీళ్లల్ల సచ్చిండంటే నాకు సంబురమైంది బిడ్డా. కన్నతల్లి నా ముందల ఏడుస్తుంటే నాకు సంబురమైంది. గిట్లయిపోయిన నేను."

నేను ఆమె చేయి పట్టుకోబోతే తీసేసుకుంది.

"పాల్ గడ్డల ఉన్నది నాదేనా కాదా, నువ్వు చూడగల్గుతవా?"

"చూడొచ్చు."

"చూసి చెప్పు. దాచకు. దాస్తే నాకు తెలుస్తది."

వారం తిరిగాక ఆమెను హైదరాబాదు తీసుకొచ్చి సుదర్శన్ సార్ దగ్గర కూర్చోబెట్టాను. ఆయన కాగితం చదివి వినిపించి, అర్థమయ్యేదాకా చెప్పి, సంతకం పెట్టించుకున్నాడు. నా రక్తం కూడా ఇస్తానన్నాను.

"ఇవ్వు. కానీ నువ్వు ఆ సీసాలను ముట్టుకోవద్దు" అన్నాడు సార్.

ఆ నియమం నాకు తెలిసిందే. తన రక్తంతో తాను ఈ పని చేయకూడదు. వైరస్ వల్ల చావు మరిచి పెరిగే నా కణాలు, ఏ సూదో గుచ్చుకుని తిరిగి నా ఒంట్లోకి పోతే, నా ఒళ్లు వాటిని పరాయివని గుర్తుపట్టదు. తరిమేయదు. అందుకే మూడు రక్తాలూ నా పక్క బల్ల వనజ చేతికి పోయాయి. పాల్‌ది కీమోకు ముందు తీసి దాచిందే. వనజ పేర్లు తీసేసి అంకెలు వేసింది.

"ఫలితం ఏదైనా రావచ్చు" అన్నాడు సార్, అమ్మ బయటికి వెళ్లాక. "అదే రకం అని వస్తే ఆమెకు ఏమని చెప్తావో ఇప్పుడే ఆలోచించుకో."

ఆలోచించలేకపోయాను. ఆ ఏడు వారాలు నేను ఏ పనీ నిలకడగా చేయలేదు. వరండాలో అటూ ఇటూ తిరిగేదాన్ని. రెండుసార్లు నా పీహెచ్‌డీ సీసాల్లో బూజు పట్టించుకున్నాను. వెచ్చటి పెట్టె తలుపు దగ్గర నిలబడితే వనజ "వెళ్లు రజితా" అని తరిమేది. రోజూ సాయంత్రం పాల్‌కు ఫోన్ చేసేదాన్ని. అమ్మ వాడికి ఎసరు పెట్టి మళ్లీ వాకిట్లో తిరుగుతోందని చెప్పేవాడు. తను తాగిన గ్లాసు, తిన్న పళ్లెం వేరుగా పెట్టుకుంటోందట. పెరిగి పెద్దయిన కొడుకు దగ్గర అది దేనికీ పనికిరాదని చెప్పినా వినడం లేదట.

ఒక మంగళవారం వనజ నన్ను సార్ గదిలోకి పిలిచింది. తెర మీద వైరస్ జన్యువులను రాసిన మూడు వరుసల అక్షరాలు. తేడాలు వెతకడం నాకు అలవాటైన పనే. వెతికాను. లేవు. ఉన్న ఒకటి రెండు లెక్కలోకి రానివి.

"మూడూ ఒకటే" అంది వనజ మెల్లగా. "మీ అమ్మదే, ఇద్దరికీ. పాల్ గడ్డ ముక్కలో ఉన్నదీ అదే."

తర్వాత సీసాల్లోని కణాల ఫోటోలు చూపించింది. అమ్మవీ పాల్‌వీ గుంపులు కట్టి మెల్లగా పెరుగుతున్నాయి. మూడో సీసాలో కణాలు వాటికన్నా ఎన్నో రెట్లు పగులుతున్నాయి. వైరస్ అదే. అయినా అక్కడ నిద్రపోవడం లేదు, లేచి చెలరేగుతోంది.

"ఇవెవరివి?" అన్నాను, తెలిసే.

"నీవి."

సార్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక్క కుటుంబం, మూడు సీసాలు. దీన్ని బట్టి ఎవరికీ ఏదీ చెప్పలేం. సీసాలో జరిగింది ఒంట్లో జరగాలని లేదు. నీకు భయపడాల్సిందేమీ లేదు. కానీ వైరస్ రకం ఒక్కటే అన్నీ తేల్చదని మాత్రం మనకు కనిపిస్తోంది. ఏ కణంలో ఉందో, ఎవరి ఒంట్లో ఉందో, ఇంకా ఏమేం కలిశాయో. మిగతాది నువ్వు చదవాలి."

ఆ శనివారం కోడేరు పోయాను. దారంతా ఒక అబద్ధాన్ని తయారు చేసుకుంటూ వచ్చాను. వేరే రకం అమ్మా, వాడికి బళ్లో ఎక్కడో అంటింది. చాలా తేలికైన అబద్ధం. ఇంటికి పోయేసరికి పాల్ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. జుట్టు పూర్తిగా ఊడింది, ముఖంలో మాత్రం కొంచెం కళ వచ్చింది. అమ్మ చేతిలో చీపురుతో నిలబడి నా ముఖంలోకి చూసింది.

"చెప్పు."

అబద్ధం నోటిదాకా వచ్చింది. నేను దాస్తే తనకు తెలుస్తుందని అన్న మనిషి ఎదురుగా ఉంది.

"నీదే అమ్మా" అన్నాను. "వాని గడ్డల ఉన్నది నీ నుంచి వచ్చిందే."

చీపురు కింద పడింది. పాల్ లేచి కూర్చున్నాడు.

"నాలో ఉన్నది కూడ నీదే. అదే రకం. వానిలకన్న నాలోనే ఎక్కువ చెలరేగుతుంది. నాకేం కాలే."

"మరి వానికెందుకైంది?"

"తెల్వదు."

"గింత చదివినవ్."

"గదే చదువుతున్నమ్మా. ఇంక ఎవ్వరికి పూర్తిగ తెల్వదు."

అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. పాల్ అన్నాడు, "నువ్వు నమిలి పెట్టకుంటే నేను ఆడ్నే ఆకలికి సచ్చేటోన్ని గదనే." అమ్మ వాడి మాట విన్నట్టు లేదు. నన్నే అడిగింది.

"మరి నాకెవరిచ్చిన్రు?"

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. "మీ అమ్మ ఇచ్చుంటది. లేకుంటే నిన్నెవరు సాదితే వాళ్లు."

"మా అవ్వనే, నన్ను గన్న తల్లే" అంది అమ్మ. "కరువుల మా అవ్వ జొన్న గట్క కూడ నమిలి పెట్టేదంట. తాను మింగకుండ." గోడ వెంట జారి నేల మీద కూర్చుంది. "మా అవ్వనిప్పుడు నేను ఏమంట?"

అప్పుడు ఏడ్చింది. దవాఖానాలో ఏడవలేదు, రాజోలిలో ఏడవలేదు. పాల్ మంచం దిగి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. నాన్న గుమ్మం లోపలే నిలబడిపోయాడు.

ఏడుపు ఆగాక అమ్మ ఆ కణాలు ఎట్లుంటాయో చూపమంది. ఫోన్లో ఫోటో తెరిచి చూపాను. చిన్న చిన్న చుక్కలు, రేగుపండ్లు కుప్ప పోసినట్టు గుంపులు. "ఇవి నావా?" అని వేలితో ముట్టుకుంది. "వీటికి తినడానికి ఏం పెడ్తరు?" చక్కెర, ఉప్పు, ఇంకా కొన్ని కలిపిన గులాబీ రంగు నీళ్లు అని చెప్పాను. రెండు మూడు రోజులకోసారి మారుస్తామని చెప్పాను. మారుస్తున్నది ఎవరని అడిగింది. వనజ అన్నాను. తలూపింది.

పాల్‌కు మొత్తం పన్నెండుసార్లు కీమో ఎక్కింది. ఆరు నెలల తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డలు కనిపించలేదు. రెండేళ్లు కనిపెట్టుకుని ఉండాలన్నాడు డాక్టరు. అమ్మ ఇప్పటికీ ఒకచోట ఎక్కువసేపు కూర్చోలేదు. అది ఆమెకు మిగిలిపోయింది. గ్లాసు వేరుగా పెట్టుకోవడం మాత్రం మానేసింది.

స్కాన్ చూపించి వచ్చిన మర్నాడు ఆమె మళ్లీ బస్సెక్కింది. ఈసారి చెప్పి వెళ్లింది, రాజోలికి. నాలుగోరోజు ఇల్లు చేరాక ఫోన్లో అడిగాను, ఎందుకు పోయావని.

"ఆ దినం నాకు సంబురమైన సంగతి ఉరుకుందమ్మకు చెప్పొచ్చిన" అంది.

"ఏమన్నది?"

"ఏమనలే. లేచి లోపటికి పోయింది. శాన సేపు రాలే. నేను ఎల్లిపోదమని లేస్తుంటే వచ్చి, మిరపకాయ తెంప మనుషులు దొర్కుత లేరు, రేపు చేన్లకు వస్తవా అని అడిగింది."

"పోయినవా?"

"రెండు దినాలు తెంపిన. చేతులు ఇంక మండుతున్నయ్."